పగ తీర్చుకునే నాన్నకి మనం ఎందుకు విజిల్ వేస్తాం?

ఈ ఎపిసోడ్ కొంచెం బరువుగా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. పక్కన చిన్నపిల్లలుంటే తర్వాత వినండి. ఇంకోటి, స్పాయిలర్స్. 'మహారాజ', 'దృశ్యం', హాలీవుడ్ 'ప్రిజనర్స్', ఈ మూడింటి క్లైమాక్స్‌ల గురించి ఓపెన్‌గా మాట్లాడతా. చూడని వాళ్లు ఇక్కడే పాజ్ కొట్టి, చూసొచ్చి ప్లే చేయండి. నేనేమీ అనుకోను.

సరే, స్టార్ట్ చేద్దాం. ఒక నాన్న. లేకపోతే ఒక అమ్మ. వాళ్ల బిడ్డకి ఘోరం జరుగుతుంది. పోలీసులు పట్టించుకోరు, లేదా డబ్బుకి అమ్ముడుపోతారు. కోర్టులో వాయిదా మీద వాయిదా. ఇక ఆ నాన్న కళ్లు తుడుచుకుని లేస్తాడు. ఇంటర్వెల్. సెకండాఫ్ అంతా రక్తం. ఈ కథ మనకి కొత్తేం కాదు. 1996లో వచ్చిన 'భారతీయుడు' గుర్తుందా? సేనాపతి కూతురు కాలిన గాయాలతో హాస్పిటల్‌లో ఉంటుంది, లంచం ఇవ్వనందుకు డాక్టర్ వైద్యం చెయ్యడు, పిల్ల చనిపోతుంది. తర్వాత ఆ ముసలాయన అదే డాక్టర్‌ని టీవీలో లైవ్‌లో, రాష్ట్రమంతా చూస్తుండగా చంపుతాడు. శంకర్ ఆ సీన్‌ని చాలా తెలివిగా తీశాడు. సినిమాలో జనం టీవీల ముందు కూర్చుని ఒక హత్య చూస్తుంటారు. థియేటర్లో మనం కూర్చుని, ఆ చూసేవాళ్లని చూస్తుంటాం. ఇద్దరూ చప్పట్లే.

2017లో శ్రీదేవి 'మామ్'. బయాలజీ టీచర్, సవతి కూతురికి అన్యాయం జరిగితే ఒక్కొక్కళ్లనీ వెతికి పట్టుకుంటుంది. ఆ పాత్రకి ఆమెకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అవార్డు ప్రకటించే టైమ్‌కి ఆమె లేదు.

ఇప్పుడు 'మహారాజ'. 2024 జూన్‌లో రిలీజైంది, నిథిలన్ స్వామినాథన్ డైరెక్టర్, విజయ్ సేతుపతికి 50వ సినిమా. తమిళ సినిమానే, కానీ తెలుగు డబ్బింగ్‌ని మనవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక ఇంకా ఎక్కువమంది చూశారు. కథ మీకు తెలుసు. సెలూన్ నడుపుకునే ఒక మామూలు మనిషి పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, ఇంట్లో దొంగలు పడి 'లక్ష్మి'ని ఎత్తుకెళ్లారు, వెతికిపెట్టండి అంటాడు. లక్ష్మి ఎవరు? ఒక చెత్త డబ్బా. ఇనప డస్ట్‌బిన్. స్టేషన్లో అందరూ నవ్వుతారు, తిడతారు, కొడతారు. ఆయన లక్షల్లో డబ్బు ఇస్తానన్నా సరే, అక్కడే కూర్చుంటాడు. అసలు పోయింది డబ్బా కాదని, ఆ ఇంట్లో కూతురికి జరిగింది వేరే అని మనకి చాలా లేటుగా తెలుస్తుంది.

గచ్చిబౌలిలో నేను ఆ సినిమా చూసిన స్క్రీన్‌లో, చివర్లో ఆ నిజం బయటపడే దగ్గర్నుంచి ఒకటే విజిల్స్. అది సహజం. రెండు గంటలు గొంతు దాకా వచ్చి ఆగిన కోపం ఎక్కడో ఒక చోట బయటికి రావాలి కదా.

కానీ అసలు దెబ్బ దాని తర్వాత ఉంది. విలన్ సెల్వం, అంటే అనురాగ్ కశ్యప్ పాత్ర, తనని పోలీసులకి పట్టించింది మహారాజే అనుకుని ఏళ్ల తరబడి జైల్లో పగ పెంచుకుంటాడు. బయటికొచ్చి ఆ పగ తీర్చుకుంటాడు. చివర్లో గొలుసు మీద పేరు చూశాక తెలుస్తుంది, తన గ్యాంగ్ నాశనం చేసిన ఆ అమ్మాయి తన సొంత కూతురే అని. లారీ ఇంట్లోకి దూసుకొచ్చిన ప్రమాదంలో డస్ట్‌బిన్ కింద బతికిన ఆ పసిబిడ్డని మహారాజ తన బిడ్డలా పెంచాడు. అంటే ఈ సినిమాలో పగ తీర్చుకున్న తండ్రులు ఇద్దరు. ఒకడి పగకి మనం విజిల్ వేశాం. ఇంకొకడి పగ తిరిగొచ్చి వాడి ఇంటి మీదే పడింది. విజిల్స్ వేసిన అదే హాల్లో ఆ చివరి 5 నిమిషాలు సూది పడితే వినిపించేంత సైలెన్స్.

ఇక్కడ 'దృశ్యం' తీసుకురావాలి. వెంకటేశ్, మీనా, నదియా. 2014, శ్రీప్రియ డైరెక్ట్ చేసింది. ఆ సినిమాలో బిడ్డని పోగొట్టుకున్నది ఎవరు? ఒక్కసారి ఆలోచించండి. రాంబాబు కాదు. ఐజీ గీతా ప్రభాకర్. కొడుకు కనిపించట్లేదు, బతికున్నాడో లేదో తెలియదు, ఆ అమ్మకి రాత్రులు నిద్ర లేదు. ఆ బాధలోనే ఆమె ఒక చిన్నపిల్లని కూడా కొట్టనిచ్చింది. మనం మాత్రం ఆమె ఓడిపోవాలని కోరుకున్నాం. ఎందుకంటే కెమెరా రాంబాబు ఇంట్లో ఉంది. అదే కెమెరాని ఐజీ గారి ఇంట్లో పెడితే, అదొక దుఃఖంలో ఉన్న తల్లి పగ కథ అయిపోయేది, రాంబాబు విలన్ అయ్యేవాడు. కథ మారలేదు, చనిపోయినవాడు మారలేదు, మనం కూర్చున్న సీటు మారింది అంతే. నాకు మన తెలుగులో వచ్చిన థ్రిల్లర్లలో దీనంత లోతైనది ఇంకోటి కనిపించలేదు. రీమేక్ అయినా సరే.

ఇప్పుడు సినిమా పక్కన పెడదాం. ఎందుకంటే ఇదే స్క్రీన్‌ప్లే మన సిటీలో నిజంగా ఆడింది. అందుకే ఈ ఎపిసోడ్.

2019 నవంబర్ 27. బుధవారం సాయంత్రం. ఒక యువ పశువైద్యురాలు శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా పక్కన స్కూటీ పార్క్ చేసి, అక్కడి నుంచి క్యాబ్‌లో గచ్చిబౌలి వచ్చింది. డాక్టర్ అపాయింట్‌మెంట్. మీరూ నేనూ వీక్‌లో 2 సార్లు చేసే పని. తిరిగి వెళ్లేసరికి రాత్రి 9 దాటింది, టైర్ పంక్చర్. చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. కాసేపటికి ఫోన్ స్విచ్ఛాఫ్. మర్నాడు పొద్దున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి అండర్‌పాస్ కింద కాలిపోయిన శవం దొరికింది. పోలీసులు ఆమెకి 'దిశ' అని పేరు పెట్టారు, అసలు పేరు వాడకూడదు కాబట్టి. నేనూ ఆ పేరే వాడతా.

ఆ అసలు పేరు, ఫొటో ఎంత వేగంగా మన వాట్సాప్ స్టేటస్‌ల్లో తిరిగాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చట్టం ప్రకారం అది నేరం. బాధితురాలి పేరు బయటపెట్టకూడదని ఐపీసీలో 228ఏ అనే సెక్షనే ఉంది అప్పట్లో. క్యాండిల్ ఎమోజీతో పెట్టినా నేరమే.

ఇప్పుడు ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో చూడండి. కూతురి ఫోన్ కలవట్లేదు. కుటుంబం స్టేషన్‌కి పరిగెత్తింది. ఇది మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కి వెళ్లండి అన్నారు. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి. గంటలు పోయాయి. తర్వాత ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లని సస్పెండ్ చేశారు. అప్పటి హోంమంత్రి మహమూద్ అలీ ఏమన్నారంటే, ఆ అమ్మాయి చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చేసి ఉండాల్సింది అని. చదువుకున్న అమ్మాయి కదా అన్నట్టు. దేశమంతా తిట్టింది ఆయన్ని. సరిగ్గానే తిట్టింది.

అంటే చూడండి, పగ సినిమా ఫస్టాఫ్ మొత్తం ఇక్కడ ఉంది. స్టేషన్ల చుట్టూ తిరిగే నాన్న, పరిధి కాదనే పోలీసు, పక్కకి నెట్టేసే మంత్రి. 'మహారాజ'లో ఆయన్ని చూసి నవ్విన స్టేషన్‌కి, దీనికి తేడా ఎంత?

తేడా సెకండాఫ్‌లో ఉంది. సినిమాలో నాన్న లేచి కత్తి పట్టుకుంటాడు. ఇక్కడ ఆ పని వేరేవాళ్లు చేశారు.

నవంబర్ 29న నలుగురిని అరెస్ట్ చేశారు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు. షాద్‌నగర్ స్టేషన్ ముందు వేలమంది. మాకు అప్పగించండి అని అరుపులు. పార్లమెంట్‌లో కూడా ఇలాంటివాళ్లని జనానికే వదిలేయాలన్న మాట వినిపించింది. ప్రభుత్వం మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు పెట్టింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున, సీన్ రీకన్‌స్ట్రక్షన్ కోసమని అదే చటాన్‌పల్లికి నలుగురినీ తీసుకెళ్లారు. నలుగురూ అక్కడే చనిపోయారు. పోలీసులు చెప్పింది ఏంటంటే, రాళ్లతో కర్రలతో దాడి చేశారు, మా దగ్గర ఆయుధాలు లాక్కున్నారు, కాల్చారు, ఆత్మరక్షణ కోసం మేం కాల్చాం అని. అప్పుడు సైబరాబాద్ కమిషనర్ వి.సి. సజ్జనార్. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడు అక్కడ ఎస్పీ కూడా ఆయనే. ఆ ముందు వారం రోజులుగా సోషల్ మీడియాలో 2008ని మళ్లీ చేయండి అని డిమాండ్.

ఆ రోజు పొద్దున ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. చటాన్‌పల్లి బ్రిడ్జి మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లారు. స్వీట్లు పంచారు. రాఖీలు కట్టారు. జిందాబాద్‌లు. సైబరాబాద్ కమిషనరేట్ ఎక్కడుందో తెలుసు కదా, ఇక్కడే, గచ్చిబౌలిలో. ఆమె చివరిసారి డాక్టర్ దగ్గరికి వచ్చిన ఏరియాలోనే, ఆ కేసు నడిపిన హెడ్డాఫీసు.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఈ పూలే. 27వ తేదీ రాత్రి ఆ కుటుంబాన్ని స్టేషన్ల మధ్య తిప్పింది ఏ డిపార్ట్‌మెంట్? 6వ తేదీ పొద్దున పూలు పడింది ఏ డిపార్ట్‌మెంట్ మీద? ఒకటే కమిషనరేట్. మధ్యలో 10 రోజులు కూడా లేవు. ఆ 4 చావులతో ఆ మొదటి రాత్రి గురించి అడగాల్సిన ప్రశ్నలన్నీ జనం నోట్లోంచి మాయమైపోయాయి. ఎవరు ఎన్నింటికి వెళ్లారు, ఎవరు ఏం చెప్పి పంపించారు, టోల్‌ప్లాజా దగ్గర పెట్రోలింగ్ ఉందా, రోడ్డు పక్కన గంటల తరబడి లారీలు ఎందుకు ఆగి ఉన్నాయి. ఇవేవీ ఎవరికీ అక్కర్లేదు. క్లైమాక్స్ అయిపోయింది, టైటిల్స్ పడుతున్నాయి, జనం లేచి వెళ్లిపోతున్నారు.

మూడు రోజుల తర్వాత, డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఒక మాట అన్నారు. సినిమాలో హీరో ఎన్‌కౌంటర్ చేస్తే మనం చప్పట్లు కొడతాం, సినిమా బాగుందంటాం, అదే నిజ జీవితంలో ఎవరైనా ధైర్యం చేస్తే ఢిల్లీ నుంచి మానవ హక్కుల కమిషన్ వచ్చేస్తుంది, ఇది తప్పు అది తప్పు అంటుంది. దాదాపు ఇదీ ఆయన మాట సారాంశం. కేసీఆర్‌కి, తెలంగాణ పోలీసులకి హ్యాట్సాఫ్ కూడా చెప్పారు. నేను ఆయన్ని ఒక్కడినే అనట్లేదు. అన్ని పార్టీల్లోనూ దాదాపు అందరూ అదే మూడ్‌లో ఉన్నారు. కాకపోతే ఇంత ఓపెన్‌గా, సినిమానే కొలబద్దగా పెట్టి, ఒక ముఖ్యమంత్రి అసెంబ్లీలో మాట్లాడటం నాకు చాలా విషయాలు చెప్పింది. ఆ వారమే దిశ బిల్లు పాసైంది. 21 రోజుల్లో తీర్పు. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. యాప్ వచ్చింది, స్టేషన్లు వచ్చాయి, చట్టం మాత్రం రాలేదు.

అప్పటి సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ బోబ్డే ఎన్‌కౌంటర్ మర్నాడే జోధ్‌పూర్‌లో అన్నారు, న్యాయం ఇన్‌స్టంట్‌గా జరిగేది కాదు, అది పగగా మారితే దాని స్వభావమే పోతుంది అని. ఆ మాటకి మన ఫీడ్స్‌లో ఎంత ట్రోలింగ్ అయిందో!

సుప్రీంకోర్టు డిసెంబర్ 12న ఒక కమిషన్ వేసింది. రిటైర్డ్ జడ్జి వి.ఎస్. సిర్పుర్కర్ ఛైర్మన్, బాంబే హైకోర్టు రిటైర్డ్ జడ్జి రేఖా బల్దోటా, సీబీఐ మాజీ డైరెక్టర్ కార్తికేయన్ మెంబర్లు. 6 నెలలు టైమ్ ఇచ్చారు, కోవిడ్‌తో సాగి సాగి 2022 జనవరిలో రిపోర్ట్ ఇచ్చారు. మే 20న అది పబ్లిక్ అయింది. దాంట్లో ఏముందంటే, నిందితులు ఆయుధాలు లాక్కున్నారన్న కథ నమ్మేలా లేదు, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారు, 10 మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలి. ఇంకో మాట. ఆ నలుగురిలో ముగ్గురు ఆ సమయానికి మైనర్లు అని కమిషన్ తేల్చింది. సుప్రీంకోర్టు ఆ కేసుని తెలంగాణ హైకోర్టుకి పంపింది.

రిపోర్ట్ వచ్చిన రోజు మీ ఫోన్‌లో ఏం ట్రెండ్ అయిందో గుర్తుందా? ఎవరికీ గుర్తుండదు. సీక్వెల్‌కి ఓపెనింగ్స్ లేవు.

ఇప్పుడు మీలో చాలామంది టైప్ చేస్తుంటారు, నాకు తెలుసు. "నీ చెల్లికి అయితే ఇలాగే మాట్లాడతావా బ్రో?" ఇది ప్రతిసారీ వచ్చే ప్రశ్న, దీన్ని తప్పించుకుని వెళ్లడం నాకు ఇష్టం లేదు. నా చెల్లికి అయితే నేను ఇలా మైక్ ముందు కూర్చుని మాట్లాడే స్థితిలో ఉండను. వాళ్లని చంపాలనే అనిపిస్తుంది. అనిపించకపోతేనే నాలో ఏదో లోపం ఉన్నట్టు. ఆ కుటుంబానికి ఆ రోజు ఎన్‌కౌంటర్ వార్త విని కొంత శాంతి అనిపించి ఉంటే, వాళ్లని ఒక్క మాట అనే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. బిడ్డ పోయిన ఇంట్లో ఏ భావం తప్పు కాదు. కానీ అందుకే, సరిగ్గా అందుకే, తీర్పు వాళ్ల చేతిలోనూ వాళ్ల తరఫున కోపంగా ఉన్న మన చేతిలోనూ పెట్టలేదు. సర్జన్ తన బిడ్డకి తనే ఆపరేషన్ చేయడు అంటారే, అలాంటిది.

పైగా ఆ రోజు పగ తీర్చుకున్నది ఆ నాన్న కాదు కదా. యూనిఫామ్ వేసుకున్నవాళ్లు, మన ట్యాక్స్‌తో కొన్న తుపాకులతో. దుఃఖం ఒకరిది, ట్రిగ్గర్ ఇంకొకరిది, విజిల్ మనది. సినిమా లాజిక్‌లో కూడా ఇది ఫిట్ అవ్వదు.

ఇప్పుడు మీకు ఇంకో కేసు చెప్తా. ఎక్కువమందికి గుర్తులేదు. దిశ ఘటనకి మూడు రోజుల ముందు, 2019 నవంబర్ 24న, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒక దళిత మహిళ మీద ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. ఊరూరా తిరిగి చిన్న చిన్న వస్తువులు అమ్ముకుని బతికే మనిషి. పిల్లల తల్లి. పోలీసులు ఆమెకి 'సమత' అని పేరు పెట్టారు. టోల్‌ప్లాజా లేదు, ఐటీ కారిడార్ లేదు, నేషనల్ ఛానెల్స్ ఓబీ వ్యాన్లు మొదట్లో లేవు. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు పెట్టారు. సాక్షులు వచ్చారు, ఫోరెన్సిక్ రిపోర్టులు వచ్చాయి, నిందితుల తరఫున లాయర్ కూడా ఉన్నాడు. 2020 జనవరి 30న ముగ్గురికీ ఉరిశిక్ష పడింది. లెక్కేసుకోండి, ఘటన జరిగిన 67 రోజులకి. ఉరిశిక్ష మీద మీకూ నాకూ వేరే వేరే అభిప్రాయాలు ఉండొచ్చు, అది ఇంకో ఎపిసోడ్. నేనంటున్నది ఏంటంటే, కోర్టులతో అవ్వదు అని మనం అందరం గట్టిగా నమ్ముతున్న ఆ రోజుల్లోనే, మన రాష్ట్రంలోనే, ఒక కోర్టులో అయింది.

అదే ఏడాది హన్మకొండలో 9 నెలల పసిపాప కేసు. జూన్‌లో ఘటన, ఆగస్టు 8న వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. నవంబర్‌లో హైకోర్టు దాన్ని జీవితఖైదు చేసింది. అది కూడా 2 నెలల్లోపే తీర్పు. దీని మీద సినిమా ఎవరూ తీయరు. కోర్టు హాల్లో స్టెనో టైప్ చేస్తుంటే దానికి బీజీఎమ్ ఏం కొడతారు?

సినిమా అంటే గుర్తొచ్చింది. దిశ ఘటన మీద రామ్‌గోపాల్ వర్మ సినిమా అనౌన్స్ చేశాడు. 'దిశ ఎన్‌కౌంటర్'. ఆ అమ్మాయి తండ్రి ఈ సినిమా ఆపండి అని హైకోర్టుకి వెళ్లాడు. ఒక్క క్షణం ఇది ఆలోచించండి. దుఃఖంలో ఉన్న తండ్రి గురించి మనకి ఎన్ని సినిమాలు కావాలో! ఇక్కడ నిజంగా దుఃఖంలో ఉన్న తండ్రి అడిగింది ఒక్కటే, నా బిడ్డ మీద సినిమా తీయకండి అని. చివరికి అది 'ఆశ ఎన్‌కౌంటర్' అని పేరు మార్చుకుని 2022 జనవరి 1న వచ్చింది. న్యూ ఇయర్ రోజు. ఎంతమంది చూశారో గానీ, నాకు ఆ డేట్ చూసినప్పుడల్లా నోరు చేదెక్కుతుంది.

చనిపోయిన ఆ నలుగురి ఇళ్ల గురించి కూడా మాట్లాడాలి, ఇష్టం లేకపోయినా. మక్తల్ వైపు పల్లెలు, నారాయణపేట జిల్లా. అరెస్ట్ అయిన కొత్తలో వాళ్లలో ఒకరి తల్లి మైకుల ముందు, నా కొడుకు తప్పు చేస్తే శిక్ష వేయండి అంది. విలేకరులు ఆ మాట చూపించారు, మనం మెచ్చుకున్నాం. వారం తర్వాత శవాలు గాంధీ ఆస్పత్రిలో ఉండిపోయాయి, మళ్లీ పోస్ట్‌మార్టమ్ జరిగేదాకా రెండు వారాలకి పైగా. ఒకతని భార్య అప్పటికి గర్భవతి. ఆ తల్లి అడిగింది శిక్ష. శిక్షకీ చావుకీ మధ్య ఒక మెట్టు ఉంటుంది, నేరం రుజువు కావడం అనే మెట్టు. ఆ మెట్టు వాళ్లకి దొరకలేదు. ఒక రకంగా దిశ కుటుంబానికీ దొరకలేదు. ఆ రాత్రి ఎవరు ఏం చేశారు, ఏ నిమిషంలో ఎవరైనా ఆపగలిగేవారా, నలుగురిదీ సమాన పాత్రేనా, ఇవన్నీ ఒక కోర్టు రికార్డులో ఉండాల్సిన నిజాలు. ఇప్పుడు ఎక్కడా లేవు.

'ప్రిజనర్స్' సినిమా గురించి చెప్తానన్నా కదా. 2013, డెనిస్ విల్నెవ్. హ్యూ జాక్‌మన్ కూతురు మాయమవుతుంది. ఒక మందబుద్ధి కుర్రాడి మీద అనుమానం. పోలీసులు ఆధారాల్లేవని వదిలేస్తారు. ఈయన ఆ కుర్రాడిని ఎత్తుకెళ్లి, పాడుబడ్డ ఇంట్లో బంధించి రోజుల తరబడి చిత్రహింస పెడతాడు. మన హీరోకి ఉండాల్సిన క్వాలిటీస్ అన్నీ ఉన్నాయి, దేవుడి మీద భక్తి, కూతురంటే ప్రాణం. చివరికి తెలిసేది ఏంటంటే, ఆ కుర్రాడు కూడా ఎప్పుడో చిన్నప్పుడు ఎత్తుకొచ్చిన పిల్లాడే. ఇంకో తల్లిదండ్రులు ఏళ్లుగా ఏడుస్తున్న బిడ్డ. ఒక తండ్రి తన బిడ్డ కోసం ఇంకొకరి బిడ్డని చీల్చేశాడు. ఆ సినిమాలో ఒక్క ఫైట్‌కి కూడా విజిల్ రాదు. గ్యారంటీ.

అయినా దీనికి అమెరికా దాకా ఎందుకు? మన భారతంలో చూడండి. అభిమన్యుడు చనిపోయాడు. అర్జునుడు రేపు పొద్దు గుంకేలోపు సైంధవుడిని చంపుతా, లేకపోతే నేనే అగ్నిలో దూకుతా అని ప్రతిజ్ఞ చేశాడు. పక్కా మాస్ ఇంటర్వెల్ బ్యాంగ్. కానీ అభిమన్యుడిని చంపింది సైంధవుడా? కాదు. పద్మవ్యూహం ద్వారం దగ్గర మిగతా పాండవులని అడ్డుకున్నాడు అంతే. చుట్టుముట్టి చంపినవాళ్లు వేరే. దుఃఖానికి ఒక మొహం కావాలి, దొరికిన మొహం సైంధవుడిది.

అదే భారత యుద్ధం చివర్లో ఇంకో తల్లి ఉంది. ద్రౌపది. నిద్రపోతున్న ఐదుగురు కొడుకులని అశ్వత్థామ అర్ధరాత్రి చంపేశాడు. అర్జునుడు వాడిని కట్టి తెచ్చి ఆమె ముందు పడేశాడు. ఇదిగో నీ కొడుకులని చంపినవాడు. భీముడైతే ఇక్కడే చంపేద్దాం అంటున్నాడు. పోతన భాగవతంలో ఈ ఘట్టం చదవండి, కొందరు స్కూల్లో బట్టీ కూడా పట్టి ఉంటారు. ఆమె వాడిని నిలదీస్తుంది. నిద్రపోతున్న పిల్లలని చంపడానికి నీకు చేతులెలా వచ్చాయి అని. నిలదీసి, విడిపించమంటుంది. ఎందుకు? వీడి తల్లి కూడా ఇప్పుడు నాలాగే ఏడుస్తుంటుంది అని. చివరికి తల గొరిగి, శిరోమణి కోసి, తరిమేస్తారు. శిక్ష పడింది. చావు పడలేదు. ఈ సీన్‌ని ఒక తెలుగు కమర్షియల్ సినిమాలో ఊహించుకోండి. ప్రొడ్యూసర్ ఆఫీస్ నుంచి బయటికి గెంటేస్తారు.

నేను ద్రౌపదిలా ఉండమని ఎవరికీ చెప్పట్లేదు. అది నావల్ల కూడా కాదు. పగ తప్ప ఇంకో క్లైమాక్స్ మన దగ్గర ఎప్పుడో రాసి ఉంది అని చెప్తున్నా.

ఇక లాస్ట్, కాస్త పనికొచ్చే సంగతి. ఆ రాత్రి ఆ కుటుంబం విన్న 'మా పరిధి కాదు' అనే మాట మీకు ఎవరైనా చెప్తే, అది చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 173 ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్ అయినా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తీసుకున్నాక వాళ్లే సంబంధిత స్టేషన్‌కి పంపుతారు, మీరు తిరగక్కర్లేదు. అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోని పోలీసు అధికారికి జైలుశిక్ష ఉంది, బీఎన్ఎస్ సెక్షన్ 199. ఎమర్జెన్సీ నంబర్ 112. ఈ క్లిప్ ఒక్కటి కట్ చేసి మీ ఇంట్లో వాళ్లకి, హాస్టల్ గ్రూప్‌లో పెట్టండి. మిగతా ఎపిసోడ్ నచ్చకపోయినా పర్లేదు.

రాత్రి 9 దాటాక గచ్చిబౌలి నుంచి ఓఆర్ఆర్ వైపు వెళ్లే అమ్మాయిలు మీలో చాలామంది ఉన్నారు. మీ రూట్‌లో ఎక్కడ లైట్లు లేవు, ఎక్కడ లారీలు ఆగి ఉంటాయి, ఎక్కడ ఫోన్ సిగ్నల్ పోతుంది, కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటినే ఒక లిస్ట్‌గా చదువుదాం.